పిప్ మొండికేస్తే ఏం చేయాలి?

ప్రశ్న: రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను. వడ్ల లారీల వేబ్రిడ్జి చిట్టీలన్నీ ఎక్సెల్‌లో ఎక్కిస్తాం, రైతుల వారీగా కలపడానికి పైథాన్ నేర్చుకుంటున్నా. పట్టికల లెక్కలు చేసే పాండాస్ లైబ్రరీ (రెడీమేడ్ కోడ్) కోసం ఉబుంటు 24.04 లినక్స్‌లో, పైథాన్ ప్యాకేజీలు తెచ్చే పిప్‌తో ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని కొడితే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్’ అని ఎర్రర్ వస్తోంది. ముందు సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే మాట) పెట్టినా అంతే. చివర్లో ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ తగిలిస్తే పనవుతుందని మా తమ్ముడంటున్నాడు. చేయొచ్చా సార్?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: వద్దండీ. పనైతే అవుతుంది, చిక్కంతా తర్వాతే.

ఉబుంటుతో వచ్చిన పైథాన్‌ను సిస్టమే తన పనులకు వాడుకుంటుంది. కొత్త రిపోజిటరీ (సాఫ్ట్‌వేర్ దొరికే చోటు) చేర్చే కమాండ్, అప్‌డేట్లు వచ్చాయని చెప్పే ప్రోగ్రాం, ఇలా చాలా వాటిని పైథాన్‌లోనే రాశారు. వాటికి కావాల్సిన లైబ్రరీలను ఉబుంటు సొంత ఇన్‌స్టాలర్ అయిన ఆప్ట్ తెచ్చి పెడుతుంది. మీరు బలవంతంగా పిప్‌తో అదే లైబ్రరీ వేరే వెర్షన్ వేస్తే, ఒకే ఖాతా పుస్తకంలో ఇద్దరు గుమస్తాలు ఒకరికి తెలియకుండా ఒకరు రాసినట్టే అవుతుంది, ఏదో ఒకరోజు ఏ అప్‌డేటో మధ్యలో ఆగిపోతే ఎక్కడ తేడా కొట్టిందో కూడా అంతు చిక్కదు. ఈ బాధ పడలేకే, సిస్టమ్ పైథాన్‌లో పిప్ నేరుగా వేయకుండా ఆపే పెప్ 668 అనే పైథాన్ నియమం తెచ్చారు. ఉబుంటు 23.04, డెబియన్ 12 నుంచి, అంటే 2023 నుంచి అమల్లో ఉంది. పాత వీడియోల్లో సాఫీగా నడిచిన కమాండ్ మీ దగ్గర నడవనిది ఇందుకే.

మీ పనికి వేరే గది కట్టుకోండి, దాన్నే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. ముందు ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ పైథాన్3-వెన్వ్’ కొట్టండి, ఉబుంటులో ఇది చాలాసార్లు ముందే ఉండదు. తర్వాత ‘పైథాన్3 -ఎం వెన్వ్ లెక్కలు’ అంటే ఆ పేరుతో ఒక ఫోల్డర్ వస్తుంది (పేరు మీ ఇష్టం, ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి). ‘సోర్స్ లెక్కలు/బిన్/యాక్టివేట్’ కొట్టగానే లైను మొదట్లో బ్రాకెట్లలో ఆ పేరు కనిపిస్తుంది. అది కనిపించాకే పిప్ జోలికి వెళ్లండి. ఇక్కడ సుడో అక్కర్లేదు.

‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్ ఓపెన్‌పైఎక్స్‌ఎల్’ అని రెండూ కలిపి కొట్టండి. పాండాస్ తనకు కావాల్సిన నంపై అనే లైబ్రరీని తానే తెచ్చుకుంటుంది కానీ ఎక్సెల్ ఫైలు తెరిచే ఓపెన్‌పైఎక్స్‌ఎల్‌ను తెచ్చుకోదు, అది లేకపోతే మీ చిట్టీల ఫైలు దగ్గరే ఆగిపోతారు. స్పెల్లింగ్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి. పిప్ ప్యాకేజీలు తెచ్చుకునే ఆన్‌లైన్ భండారం పైపీఐలో ఎవరైనా ప్యాకేజీ పెట్టొచ్చు, పేరున్న లైబ్రరీలకు ఒక్క అక్షరం తేడాతో దొంగ ప్యాకేజీలు పెట్టినవాళ్లూ ఉన్నారు.

మర్నాడు టెర్మినల్ (కమాండ్లు కొట్టే విండో) తెరిచి ప్రోగ్రాం నడిపితే ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటుంది. టెన్షన్ పడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, యాక్టివేట్ లైను కొడితే చాలు.

ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వేరే కంప్యూటర్లో పెడితే మాత్రం నడవదు, లోపల ఈ కంప్యూటర్ దారులే రాసి ఉంటాయి. ‘పిప్ ఫ్రీజ్’ ఇచ్చే ప్యాకేజీల జాబితాను రిక్వైర్‌మెంట్స్ ఫైల్లో దాచుకుని, అక్కడ కొత్త ఎన్విరాన్‌మెంట్ కట్టి ‘పిప్ ఇన్‌స్టాల్ -ఆర్’ తర్వాత ఆ ఫైలు పేరు ఇవ్వండి.