రేడియో తిప్పినట్టు మొదలయ్యే పాట

"ఎన్నేళ్లైనా మీరు వదల్లేని పాత ఇంగ్లిష్ రాక్ పాట ఏది, దానితో మీకున్న జ్ఞాపకం ఏమిటి?" అని అడిగారు. నేను పెద్దగా ఆలోచించక్కర్లేదు. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లిష్ బ్యాండ్ వాళ్ల 'విష్ యూ వర్ హియర్'. 1975 సెప్టెంబరులో అదే పేరున్న ఆల్బమ్‌లో వచ్చింది, అంటే నేను పుట్టకముందే. నా చెవిన పడింది మాత్రం 2000లో, అనంతపురంలో, ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్నప్పుడు.

మా రూమ్మేట్‌ది ధర్మవరం. ఇంట్లో మగ్గాలు, వాళ్ల నాన్న పట్టుచీరలు నేస్తారు. బెంగళూరులో ఉద్యోగం చేసే మేనమామ కొనిచ్చిన గిటారొకటి, ఆయన దగ్గరే ఎక్కించుకొచ్చిన డజను క్యాసెట్లు వాడి ఆస్తి. క్యాసెట్లకు అట్ట బొమ్మల్లేవు, పాటల పేర్లన్నీ బాల్‌పెన్నుతో రాసుకున్నవే. ఆ సాయంత్రం నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి టూ-ఇన్-వన్ మోగుతోంది. పాట మంచి జోరు మీదుంది. ఉన్నట్టుండి గొంతు నొక్కేసినట్టు శబ్దం సన్నబడిపోయింది. తర్వాత గరగర, ఎవరో మాట్లాడుకుంటున్న మాటలు, ఒక క్షణం పాటు పెద్ద ఆర్కెస్ట్రా, మళ్లీ గరగర. మీట టేపు వైపు నుంచి రేడియో వైపు జారిందేమోనని లేచి చూశాను. టేపు మీదే ఉంది. హెడ్‌కు దుమ్ము పట్టిందనుకుని, దూది మీద స్పిరిట్ వేసుకుని తుడవడానికి మూత తెరవబోయాను. వాడు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"రేయ్, కూర్చో. టేపు బాగానే ఉంది. ఆ పాట మొదలయ్యేదే అట్లా."

కూర్చున్నాను. ఆ గరగరలోంచే ఒక గిటార్ వినిపించింది, పక్కింటి రేడియోలోంచి వస్తున్నంత పలచగా. నాలుగు వరసలు మోగింది. ఆ తర్వాత ఎవరో గదిలో ఊపిరి పీల్చిన చప్పుడు, చిన్న దగ్గు. అప్పుడు రెండో గిటార్ అందుకుంది. ఇది పలచగా లేదు. మన పక్కనే మంచం మీద కూర్చుని ఎవరో వాయిస్తున్నట్టు నిండుగా ఉంది. దూరంగా రేడియోలో ఎవరో వాయిస్తుంటే, ఇక్కడ ఒంటరిగా కూర్చున్నవాడు తన గిటార్ తీసుకుని తోడు కలుపుతున్నాడన్నమాట. ఒక్క మాట కూడా పాడకుండానే పాట సంగతంతా అక్కడే చెప్పేశారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. నువ్విక్కడ ఉంటే బాగుండేది అని ఆ తర్వాత నోటితో అనేది దానికి కొనసాగింపే.

దాన్ని ఎలా చేశారో చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. ఆల్బమ్‌లో దీనికి ముందున్న పాట చివర్లో శబ్దాన్ని కావాలనే రేడియోలోంచి వచ్చేదాన్లా మార్చారు. స్టేషన్లు మారే చప్పుళ్లు బ్యాండ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మోర్ కారు రేడియో నుంచి రికార్డు చేసినవి. మధ్యలో మెరిసి మాయమయ్యే ఆర్కెస్ట్రా రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీలోని ఆఖరి భాగం. ఆ పలచని మొదటి గిటార్ పన్నెండు తీగలది. రెండోదీ గిల్మోర్ వాయించిందే. అంటే రేడియోలో ఉన్నదీ, గదిలో ఉన్నదీ ఒక్క మనిషే. ఈ సంగతి తెలిసిన రోజు మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను.

ఎవరు లేరని ఈ బెంగ అంటే, చాలామంది చెప్పే పేరు సిడ్ బారెట్. బ్యాండ్‌కు ఆ పేరు పెట్టింది అతనే, తొలి రోజుల్లో పాటలు రాసిందీ పాడిందీ ఎక్కువగా అతనే. మనసు చెదిరి వేదిక మీద నిలవలేని స్థితికి వచ్చాక 1968లో బ్యాండ్ నుంచి బయటికి వెళ్లాల్సొచ్చింది. అతని చోటులోకి వచ్చిన గిల్మోర్ కేంబ్రిడ్జ్‌లో అతని పాత స్నేహితుడే. పాట మాటలు రాసిన రోజర్ వాటర్స్‌ది కూడా కేంబ్రిడ్జే. 1973లో 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' వచ్చి వీళ్లు ఒక్కసారిగా ప్రపంచ ప్రఖ్యాతులైపోయారు. ఆ తర్వాత లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ఈ ఆల్బమ్ చేస్తున్నప్పుడు ఎవరికి వారు ముభావంగా, మనసు ఎక్కడో పెట్టుకుని పని చేశారని వాళ్లే తర్వాత చెప్పుకున్నారు. 1975 జూన్ 5న స్టూడియోలోకి ఒక లావుపాటి మనిషి వచ్చాడు. గుండు, కనుబొమలు కూడా గీసేసుకున్నాడు. ఎవరో తెలియక కాసేపు వాళ్ల మానాన వాళ్లు పని చేసుకుంటూ పోయారు. అతనే సిడ్ అని తెలిశాక వాటర్స్‌కు కన్నీళ్లాగలేదు. ఆ రోజు వాళ్ల ముందున్నది సిడ్ గురించే రాసుకున్న 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' పాట. నేను చెబుతున్న పాట నేరుగా సిడ్ మీద మాత్రమే రాసింది కాదు. అయినా సిడ్‌ను తలుచుకోకుండా దాన్ని పాడలేనని గిల్మోర్ అన్నాడు. ఆ మాట నాకు చాలు.

హాస్టల్లో ఆ పాట మొదటి వరస వాడే నాకు నేర్పాడు. గిటార్ మొదలుపెట్టేవాళ్లెవరైనా ఉంటే ఇది చదవండి, మీకు పనికొస్తుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు మూడో ఫ్రెట్‌లో, అంటే గిటార్ మెడ మీది మూడో గడిలో, కింది రెండు తీగల మీద పెట్టి ఇక కదపకూడదు. చూపుడు వేలు, మధ్య వేలు మాత్రమే పైతీగల మీద చోట్లు మారతాయి. అప్పుడు వచ్చే కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల కలయికలు, ఇవి: ఇ మైనర్ సెవెన్, జి, మళ్లీ ఇ మైనర్ సెవెన్, తర్వాత ఎ సెవెన్ సస్ ఫోర్. రెండు వేళ్లు స్థిరంగా ఉండటం వల్ల కార్డులు మారినా పైన అవే రెండు స్వరాలు మోగుతూ ఉంటాయి, ఎక్కడికీ పోని మనిషిలా. నా వేళ్లు కాయలు కాచేదాకా వాడు విసుక్కోలేదు. "చిటికెన వేలు లేపొద్దురా, అది లేస్తే పాట పోతుంది" అనేవాడు. నేను మొదటి గిటార్, వాడు రెండోది. గిటార్ ఒక్కటే ఉండేది కాబట్టి నా వంతు అయ్యాక వాడి చేతికిచ్చేవాణ్ణి. ఆ రెండు మూడు క్షణాల ఖాళీలో వాడు రికార్డులో ఉన్నట్టే దగ్గేవాడు.

మూడో ఏడు మొదలయ్యాక వాడి మాట తగ్గింది. తరగతికి రావడం మానేశాడు, తర్వాత మెస్‌కి. పగలు దుప్పటి ముసుగు, రాత్రిళ్లు కిటికీ పక్కన కూర్చోవడం. సప్లీల బెంగనుకున్నాం. "లేరా, టీ తాగొద్దాం" అని లాగేవాళ్లం. రాకపోతే మేం వెళ్లి తాగొచ్చేవాళ్లం. వాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండెలో కలుక్కుమంటోంది. 2002 సంక్రాంతికి ముందు వాళ్ల నాన్న వచ్చి ట్రంకు పెట్టె, పరుపు చుట్ట ఆటోలో వేయించుకున్నారు. గిటార్ దగ్గర ఆగి, "ఇది నీ దగ్గరే ఉండనీ నాయనా, ఇంట్లో చూస్తే వీడి మనసు ఇంకా పాడవుతుందేమో" అన్నారు. వాడు ఆటోలో కూర్చుని నా వైపు చూశాడు గానీ ఏమీ మాట్లాడలేదు.

ఆ ఏప్రిల్‌లోనే రోజర్ వాటర్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడతాడని పేపర్లో చూశాం. అక్కడున్న స్నేహితుడి చేత రెండు టికెట్లు తెప్పించాను. ధర్మవరానికి ఇన్‌ల్యాండ్ లెటర్ రాశాను. జవాబు రాలేదు. పక్కింటి పీపీ నంబరుకు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే వాళ్లమ్మ వచ్చి, "మందులకు మత్తుగా పడుకుంటున్నాడు నాయనా, ప్రయాణం చెయ్యలేడు" అంది. అనంతపురం బస్టాండులో ఒక్కణ్ణే బస్సెక్కాను. మైదానంలో వేలమంది. నా వయసువాళ్లు, నెరిసిన జుట్టువాళ్లు, తండ్రీకొడుకులు. మొదటి గిటార్ ముక్క స్పీకర్లలోంచి రాగానే ఆ జనమంతా ఒక్క గొంతుతో అరిచి, మరుక్షణం పాట అందుకున్నారు. గాజు తొట్టెలో ఏళ్ల తరబడి తిరిగే రెండు దారితప్పిన ప్రాణాల మాట వచ్చినప్పుడు నా పక్కనున్న పెద్దాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఆయనకు ఎవరు గుర్తొచ్చారో అడగలేదు. రెండో టికెట్ నా చొక్కా జేబులో అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ దాచాను.

ఈ పాటను ఇష్టపడేవాళ్లతో ఎప్పుడు మాట్లాడినా ఒకటి రెండు సంగతులు తప్పకుండా వస్తాయి, అవీ చెప్తాను. ఆల్బమ్ అట్ట మీద ఇద్దరు మనుషులు చేతులు కలుపుకుంటూ ఉంటారు, ఒకడి ఒంటికి మంటలు. అది రంగులేసిన బొమ్మ అనుకునేవాణ్ణి. కాలిఫోర్నియాలో ఒక సినిమా స్టూడియో ఆవరణలో స్టంట్‌మ్యాన్‌కు నిజంగానే నిప్పంటించి తీసిన ఫోటో అది. గాలి ఎదురు తిరిగి పాపం అతని మీసం కాలింది. ఇంకొకటి వయొలిన్ సంగతి. ఆబీ రోడ్ భవనంలోనే యెహుదీ మెనుహిన్ అనే మరో వయొలిన్ విద్వాంసుడితో రికార్డింగ్‌కు వచ్చిన ఫ్రెంచ్ జాజ్ వయొలిన్ విద్వాంసుడు స్టెఫాన్ గ్రాపెల్లిని పిలిచి ఈ పాటకు వాయింపించుకున్నారు. కానీ చివర్లో గాలి హోరు మధ్య చెవులు రిక్కించినా వినిపించీ వినిపించనట్టు ఉంచేశారు. ఆయన వయొలిన్ స్పష్టంగా వినిపించే రూపం 2011లో బయటికొచ్చింది. బాగుంటుంది, తప్పకుండా వినండి. అయినా నేను మాత్రం పాతదాని దగ్గరికే తిరిగొస్తాను. అంత అందమైన తోడు వచ్చి చేరితే ఆ గదిలో కూర్చున్నవాడి ఒంటరితనం తగ్గిపోతుంది.

2005 జులై 2న లండన్ హైడ్ పార్క్‌లో లైవ్ 8 కచేరీకి వాటర్స్, గిల్మోర్, డ్రమ్మర్ నిక్ మేసన్, కీబోర్డు వాయించే రిక్ రైట్ నలుగురూ కలిశారు. నలుగురూ కలిసి వేదికెక్కి 24 ఏళ్లు, మధ్యలో కోర్టు దాకా వెళ్లిన తగాదాలు. ఈ పాట మొదలవుతుంటే వాటర్స్, ఇక్కడ లేని వాళ్లందరి కోసం, ముఖ్యంగా సిడ్ కోసం పాడుతున్నామన్నాడు. మరుసటి ఏడాది జులైలో సిడ్ పోయాడు. 2008లో రైట్ పోయాడు. ఆ నలుగురూ కలిసి వేదికెక్కడం మళ్లీ జరగలేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చివర్లో నలుగురూ భుజాల మీద చేతులేసుకుని నిలబడినప్పుడు గిల్మోర్ కాస్త బిగుసుకుని ఉంటాడు, చేయి పట్టి దగ్గరికి లాక్కునేది వాటర్సే. అక్కడ ప్రతిసారీ ఆపుతాను.

మావాడు కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. చదువు సాగలేదు. ఇప్పుడు చీరల వ్యాపారం చూసుకుంటున్నాడు, పెళ్లైంది, పాప ఉంది, మందులు క్రమం తప్పకుండా వేసుకుంటాడు. 2009లో కొత్త తీగలు వేయించి గిటార్ నేనే ధర్మవరం తీసుకెళ్లి ఇచ్చాను. సంచి విప్పి చూసి, ఏమీ అనకుండా ముందు చిటికెన వేలు పెట్టాడు, మూడో ఫ్రెట్‌లో.

నేనిప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాను. ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్ చేస్తాను. స్పీకర్ పెట్టి మొదటి గిటార్ నేను వాయిస్తాను. ఆ చిన్న ఫోనులో అది వాడికి ఎంత పలచగా, ఎంత దూరం నుంచి వినిపిస్తుందో నాకు తెలుసు. ఫోనులో అర సెకను ఆలస్యం ఉంటుంది కాబట్టి మా ఇద్దరి తాళం ఎప్పుడూ పూర్తిగా కలవదు. నా నాలుగు వరసలు అయ్యాక ఆగుతాను. అటువైపు వాడు చిన్నగా దగ్గి, అందుకుంటాడు.