ఓపెయిర్‌గా ఆస్ట్రేలియాకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, డిగ్రీ పూర్తయింది. ఆస్ట్రేలియాలో ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లల్ని చూసుకునే ఓపెయిర్ పనికి వెళ్లాలని ఉంది. ఓపెయిర్ వీసా గ్యారంటీగా ఇప్పిస్తానంటూ ఒక ఏజెంటు డబ్బు అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: కట్టకండి. ఆస్ట్రేలియాలో ఓపెయిర్ వీసా అనేదే లేదు. ఈ పనికి వెళ్లేవాళ్లలో చాలామంది వర్కింగ్ హాలిడే వీసాల మీద వెళ్తారు. అవి రెండు రకాలు, వాటిని 417, 462 అనే నంబర్లతో పిలుస్తారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు దొరికేది 462 ఒక్కటే, అదీ 2024 నుంచే. ఏడాదికి 1,000 మందికి ఇస్తారు కాబట్టి ముందు లాటరీ తీస్తారు, దాన్ని బ్యాలెట్ అంటారు. ఆస్ట్రేలియా హోం అఫైర్స్ శాఖ వెబ్‌సైట్‌లో ఖాతా తెరిచి, 25 ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టి, మీ పేరు మీరే నమోదు చేసుకోవచ్చు. పేర్లు తీసేది కంప్యూటరు. ఎవరి సిఫారసూ అక్కడ పనిచేయదు. గ్యారంటీ అన్నాడంటే అక్కడే అతని మాట అబద్ధమని తేలిపోయింది.

నమోదుకు పాస్‌పోర్టు, పాన్ కార్డు కావాలి. రెండింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకేలా లేకపోతే ముందే సరిచేయించుకోండి. బ్యాలెట్‌లో పేరు వస్తే 28 రోజుల్లో అసలు దరఖాస్తు వేయాలి. పేరు వచ్చాక కాగితాల కోసం పరుగెత్తేవాళ్లకు ఈ గడువు చాలదు. ఇంగ్లిషు పరీక్ష ఫలితం, కనీసం రెండేళ్ల డిగ్రీ చదువుకు రుజువు, సుమారు 5,000 డాలర్లు ఉన్నట్టు బ్యాంకు స్టేట్‌మెంటు ముందే సిద్ధం చేసి పెట్టుకోండి. వయసు 18 నిండి, 31 రాకుండా ఉండాలి. పిల్లలతో పనిచేస్తానని దరఖాస్తులో దాచకుండా రాయండి. వైద్య పరీక్షలు అడిగితే చేయించుకోవాల్సి వస్తుంది, అంతే. దాచి, తర్వాత దొరికితే నష్టం అంతకంటే చాలా పెద్దది.

ప్రశ్న: ఒక కుటుంబం వారానికి 35 గంటల పనికి 250 డాలర్ల పాకెట్ మనీ, గది, భోజనం ఇస్తామంటోంది. ఓపెయిర్లకు ఇది మామూలేనట. నిజమేనా?

జవాబు: మామూలే కావచ్చు, న్యాయం మాత్రం కాదు. 250ని 35తో భాగిస్తే గంటకు ఏడు డాలర్ల పైచిలుకు వస్తుంది. 2025 జులై 1 నుంచి అక్కడి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. ఏటా జులై 1న ఇది మారుతుంది. ఆ లెక్కన 35 గంటలకు 873.25 డాలర్లు రావాలి. క్యాజువల్ ఉద్యోగిగా (పని గంటలకు స్థిరమైన హామీ లేకుండా) పెట్టుకుంటే జీతంతో సెలవులు ఉండవు కనుక 25 శాతం అదనంగా, అంటే గంటకు దాదాపు 31.19 డాలర్లు ఇవ్వాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇళ్లలో పనిచేసేవాళ్లు ఆ రాష్ట్రపు సొంత కార్మిక చట్టం కిందికి వస్తారు, కాబట్టి అక్కడి రేటు విడిగా చూసుకోవాలి.

పాకెట్ మనీ అన్న మాట ఐరోపా నుంచి వచ్చింది. జర్మనీలో ఓపెయిర్లకు ప్రత్యేక వీసా ఉంది. వారానికి 30 గంటలకు మించి పని చెప్పకూడదు, నెలకు 280 యూరోల పాకెట్ మనీ, భాషా తరగతులకు మరో 70 యూరోలు కుటుంబమే ఇవ్వాలి. ఆ ఏర్పాటుకు రాసిపెట్టిన నియమాలు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో అలాంటి ప్రత్యేక వర్గం లేదు. పని వేళలు కుటుంబమే నిర్ణయించి, ఏ పని ఎలా చేయాలో వాళ్లే చెబుతుంటే, దానికి సాంస్కృతిక మార్పిడి అని ఎంత అందమైన పేరు పెట్టినా చట్టం ఉద్యోగంగా చూసే అవకాశమే ఎక్కువ. ఉద్యోగం అయితే కనీస వేతనం తప్పదు.

మరి గది, భోజనం ఖర్చు? జీతంలోంచి కోయాలంటే మీ రాతపూర్వక అంగీకారం ఉండాలి, ఆ కోత ప్రధానంగా మీ మేలుకే అయి ఉండాలి. ‘అన్నీ అందులోనే కలిసిపోయాయి’ అనడం చాలదు. పేస్లిప్‌లో పనిచేసిన గంటలు, రేటు, మొత్తం చూపించి, దాని కింద గదికి ఇంత, భోజనానికి ఇంత అని విడిగా రాయాలి. ఆ ఊళ్లో గది అద్దెలు ఎంత ఉన్నాయో చూసి పోల్చుకోండి. చిన్న గదికి వారానికి 600 డాలర్లు కోస్తే అది అద్దె కాదు, జీతం ఎగ్గొట్టే దారి.

తగాదాలు ఎక్కువగా వచ్చేది గంటల దగ్గరే. పాప నిద్రపోతున్నంతసేపు మీరు ఇల్లు కదలకూడదంటే అది మీ విశ్రాంతి కాదు, పని. రాత్రి బేబీ మానిటర్ మీ గదిలో పెడితే ఆ గంటల మాట ముందే తేల్చుకోవాలి. ఒప్పందంలో ఇవి రాయించండి: ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, వారపు సెలవు ఎప్పుడు, ఇంటిపని ఎంతవరకు (పిల్లల బట్టలు, గిన్నెల వరకేనా, ఇల్లంతానా), కారు నడపాలంటే పెట్రోలు ఎవరిది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు ఎక్సెస్ (బీమా ఉన్నా మన జేబులోంచి కట్టాల్సిన వాటా) ఎవరు కట్టాలి. ఈ చివరిది దాదాపు అందరూ మర్చిపోతారు. 25 ఏళ్ల లోపు డ్రైవరైతే ఎక్సెస్ చాలా పాలసీల్లో ఇంకా పెరుగుతుంది. వెళ్లిన రోజు నుంచే మొదలు, ముగింపు వేళలు ఒక డైరీలో రాసుకోండి.

ప్రశ్న: పన్ను, పీఎఫ్ లాంటివి ఉంటాయా? జీతం నగదుగా చేతికిస్తామంటున్నారు.

జవాబు: నగదుకు ఒప్పుకోవద్దు, రేపు రుజువు ఉండదు. అక్కడికి చేరగానే పన్ను శాఖ సైట్‌లో టీఎఫ్ఎన్‌కు (పన్ను నంబరుకు) దరఖాస్తు చేయండి, అది ఉచితం. కుటుంబం వర్కింగ్ హాలిడే యజమానిగా పన్ను శాఖలో నమోదైతే మొదటి డాలరు నుంచి 45,000 డాలర్ల దాకా 15 శాతం కోస్తారు. నమోదు కాకపోతే 30 శాతం పోతుంది. అందుకే చేరకముందే నమోదు సంగతి అడగాలి. అక్కడి ఆర్థిక సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది, మీరే రిటర్న్ వేసుకుంటే గడువు అక్టోబర్ 31.

పీఎఫ్ లాంటిదాన్ని సూపర్ అంటారు. 2025 జులై నుంచి జీతం మీద 12 శాతం యజమాని కట్టాలి. అయితే ఇంట్లో పనిచేసేవాళ్లకు వారానికి 30 గంటలు దాటితేనే ఇది వర్తిస్తుంది. దేశం వదిలాక తీసుకోవచ్చు గానీ అందులో 65 శాతం పన్నుగా పోతుంది. దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి. భారతీయులకు అక్కడి ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ ఉండదు, ఆరోగ్య బీమా సొంతంగా తీసుకోవాలి.

ప్రశ్న: పిల్లల్ని చూసుకోవడానికి ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు: పిల్లలకు సంబంధించిన ప్రథమ చికిత్స కోర్సు చేయండి. మిగతావి కుటుంబాన్ని అడిగి తెలుసుకునేవి. పిల్లలకు అలర్జీ ఉందా, ఎపిపెన్ (తీవ్రమైన అలర్జీకి వేసే ఇంజెక్షన్) ఎక్కడ పెడతారు అన్నది మొదటి రోజే అడగాలి. అవసరమైతే దాన్ని తొడ బయటి వైపు కండరంలో వేసి వెంటనే అక్కడి అత్యవసర నంబరు 000కు ఫోన్ చేయాలి. పసిపాపను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు, బొమ్మలు లేకుండా పడుకోబెట్టాలి. కారులో ఆరు నెలల లోపు వాళ్లకు వెనక్కి తిరిగిన సీటు తప్పనిసరి, ఏడేళ్ల దాకా వయసుకు తగిన సీటు ఉండాల్సిందే. ఇంట్లో ఈత కొలను ఉంటే గేటు దానంతటదే మూసుకుంటోందో లేదో చూడండి. గేటుకు కుర్చీ అడ్డంపెట్టి తెరిచి ఉంచితే పిల్లలు లోపలికి వెళ్లిపోతారు. పిల్లలతో పనిచేసేవాళ్లకు ఉండే తనిఖీ అనుమతి ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు, క్వీన్స్‌లాండ్‌లో దాన్ని బ్లూ కార్డ్ అంటారు. ఏ రాష్ట్రమో తేలగానే అక్కడి నిబంధన చూసుకోండి.

ప్రశ్న: పొలాల మధ్య ఉండే రైతు కుటుంబం దగ్గర చేరితే రెండో ఏడాది వీసాకు లెక్కలోకి వస్తుందట కదా?

జవాబు: రాదు. పొలంలో ఉన్న ఇంట్లోనైనా పిల్లల్ని చూసుకోవడం, రెండో ఏడాది వీసాకు లెక్కించే ‘నిర్దేశిత పని’ కిందికి రాదు. ఇలా నమ్మి మూడు నెలలు పోగొట్టుకోవద్దు. ఇంకో సంగతి: వీసాకు ఉండే 8547 నంబరు షరతు ప్రకారం ఒకే యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలే పనిచేయవచ్చు. మినహాయింపులు ఉన్నాయి, మీ పని వాటిలోకి వస్తుందో లేదో హోం అఫైర్స్ సైట్‌లో చూసి, అనుమతి కావాలంటే ఆరో నెల నిండకముందే అడగండి.

ప్రశ్న: మా చెల్లెలు ఇప్పుడు అక్కడే ఉంది. పాస్‌పోర్టు కుటుంబం దగ్గరే ఉంది. మానేస్తానంటే వీసా రద్దు చేయిస్తామంటున్నారు.

జవాబు: వీసా రద్దు చేసే అధికారం కుటుంబానికి లేదు. 462 వీసా ఏ యజమానికీ ముడిపడి ఉండదు, ఆమె మానేసి ఇంకోచోట చేరవచ్చు. వీసాను చూపించి కార్మికులను బెదిరించడం 2024 జులై నుంచి అక్కడ నేరం కూడా. పాస్‌పోర్టు ఇమ్మని మెసేజ్ రూపంలో అడగమనండి, ఆ మెసేజ్ సాక్ష్యంగా ఉంటుంది. ఇవ్వకపోతే పోలీసులకు చెప్పవచ్చు. ప్రాణభయం ఉంటే ఆలోచించకుండా 000. జీతం బాకీ ఉంటే జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్‌కు 13 13 94 నంబరులో ఫోన్ చేయాలి. ఇంగ్లిషులో చెప్పడం కష్టమైతే ముందు దుబాసీల సేవ నంబరు 13 14 50కి చేసి తెలుగు దుబాసీని అడగవచ్చు. బాకీ జీతం ఆరేళ్ల వరకు అడిగే హక్కు ఉంది కాబట్టి డబ్బు కోసం ఆ ఇంట్లోనే ఉండిపోనక్కర్లేదు. ముందు బయటికి రావాలి. డైరీ, మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ల ఫొటోలు ఇవాళే తీసి మీకు పంపమని చెప్పండి.