‘బిల్లు వచ్చే వేళకి గుండె దడదడలాడుతోంది’

ప్రశ్న: నా వయసు 43. మాది కోనసీమ. పాలిటెక్నిక్‌లో కలిసి చదివిన పద్నాలుగు మందిమి ఏడాదిగా ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం యానాంలో గోదావరి ఒడ్డునున్న ఒక సీఫుడ్ రెస్టారెంట్‌లో కలుస్తున్నాం. ఏడింటిదాకా హ్యాపీ అవర్స్, ఒక పెగ్గుకి ఇంకో పెగ్గు ఫ్రీ. బిల్లు అందరం సమానంగా వేసుకుంటాం. నేను చెరువులు లీజుకి తీసుకుని రొయ్యలు వేస్తాను, వరసగా రెండు పంటలు పోయాయి. మా ఆవిడ గొలుసు, గాజులు బ్యాంకులో ఉన్నాయి. మొన్న నా వాటా 2,900 వస్తే ఆ తాకట్టు వడ్డీకి దాచిన డబ్బులోంచి ఇచ్చేశాను. ఇంట్లో మేత డీలర్ దగ్గరికని చెప్పి వెళ్తున్నాను. పక్కవాడి ప్లేట్లో రొయ్యలు చూస్తే ముప్పై కౌంటు సరుకు, అంటే కిలోకి ముప్పై తూగేవి. నాది వంద కౌంటులోనే పట్టేయాల్సి వచ్చింది, ఆ ముద్ద గొంతు దిగలేదు. ఇప్పుడు పాతికేళ్ల కలయికకి మనిషికి 15,000 అంటున్నారు. గ్రూపులోంచి వచ్చేస్తే పరువు పోతుంది, ఉంటే ఇల్లు గుల్లవుతుంది. నిద్ర పట్టట్లేదు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఆ ప్లేటు సంగతి చదివి కాసేపు ఆగిపోయానండి. రొయ్యని చూడగానే కిలోకి ఎన్ని తూగుతాయో చెప్పగలిగేది దాన్ని పెంచినవాడే. ఆ బల్ల చుట్టూ ఉన్న పద్నాలుగు మందిలో ఆ సరుకు వెనక ఎన్ని రాత్రుల కాపలా ఉందో, కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయని డీజిల్ క్యాన్ పట్టుకుని ఎలా పరిగెత్తాలో తెలిసింది మీ ఒక్కరికే, కానీ అక్కడ అందరికంటే చిన్నబోయి కూర్చున్నదీ మీరే.

మొదట ఇది చెప్పాలి. పంట పోవడం మీ చేతకానితనం కాదు. తెల్లమచ్చ వైరస్‌కి మందు లేదు, కనిపించిన వారం పది రోజుల్లో చెరువు ఖాళీ అయిపోతుంది, అందుకే ఎదగకుండానే పట్టేయాల్సి వస్తుంది. దానికి తోడు 2025 ఆగస్టు నెలాఖరుకి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు, సరుకు బాగా పండినవాళ్లు కూడా ధర లేక గట్టు మీద కూలబడ్డారు. మా చుట్టాల్లోనే అలాంటి ఇళ్లు చూశాను. దీనికి మీరు ఎవరి ముందూ తలదించుకోనక్కర్లేదు.

వడ్డీ డబ్బు మాత్రం వేరే సంగతి, అది మీరు చేసిన పనే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని మన వైపు సరదాకి అంటాం, మీ ఇంట్లో ఆ మాట దాదాపు నిజమైపోయింది. ఆవిడ గాజులు తీసి ఇచ్చినప్పుడు చెరువు కోసమని ఇచ్చింది కదా. ఆ నమ్మకంలోంచి 2,900 తీసి పెగ్గుల బిల్లు కట్టారు. మిమ్మల్ని తిట్టడానికి అనట్లేదు, మీ నిద్ర పోయింది ఇక్కడే అనిపించి చెబుతున్నాను. అప్పులున్న రైతులు ఎంతోమంది పడుకుంటారండి, ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చిన మనిషికే కునుకు పట్టదు.

కాబట్టి వెళ్లాలా మానాలా అన్నది తర్వాత చూద్దాం, ముందు ఆవిడతో మాట్లాడండి. పిల్లలు పడుకున్నాక తాకట్టు రసీదు, మిగిలిన డబ్బు రెండూ ఆవిడ ముందు పెట్టి, ‘డీలర్ దగ్గరికని చెప్పి యానాం వెళ్తున్నాను, వడ్డీ డబ్బులోంచి ఇంత వాడాను’ అని అంకెతో సహా చెప్పండి. మీరు 2,900 అని ఒక్క నెల సంగతే రాశారు, మిగతా నెలలవి కూడా కూడి చెప్పండి. సగం చెప్పి సగం దాస్తే ఆ సగం ఇంకో నెలకి బయటపడుతుంది, అప్పుడు మొదట చెప్పిన నిజం కూడా ఆవిడ నమ్మదు. కోపం వస్తుంది, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు, పుట్టింటికి ఫోన్ చెయ్యొచ్చు కూడా. చెయ్యనివ్వండి. ఆ టైమ్‌లో ‘నేను మాత్రం ఎవరి కోసం కష్టపడుతున్నాను’ అన్న మాట మీ నోట రాకూడదు. తర్వాత ఇద్దరూ కలిసి బ్యాంకుకి వెళ్లండి. గడువు దాటి నోటీసు వచ్చి నగలు వేలందాకా పోవడం కంటే ముందే వెళ్లి వడ్డీ ఎంత కడితే తిరగరాస్తారో అడగడం ఎంతో మేలు.

ఇక స్నేహితుల సంగతి. గ్రూపులోంచి రాత్రికి రాత్రి బయటికి వచ్చేయకండి. అలా వస్తే పది ఫోన్లు వస్తాయి, పదిమందికీ పది కారణాలు చెప్పాలి. ఆ పద్నాలుగు మందిలో మీ ఇంటికి వచ్చి మీ అమ్మ చేతి అన్నం తిన్నవాడు ఒక్కడైనా ఉంటాడు. వాడికి ఫోన్ చేసి చెప్పండి: ‘ఒరేయ్, పంట పోయిందిరా, ఈ ఏడాది చేతిలో డబ్బు ఆడదు. నాకు రావాలనే ఉంది కానీ మందు బిల్లు నా వల్ల కాదు. భోజనం వరకు నాది నేను ఇచ్చుకుంటాను, మిగతావాళ్లకి నువ్వు చెప్పు.’ ఇంతే చాలు. అప్పు అడగడానికి చేశారేమో అని వాడికి అనుమానం రాకుండా డబ్బు అక్కర్లేదని కూడా అనండి. అవసరమై ఎప్పుడైనా అప్పు అడగాల్సి వచ్చినా ఆ బల్ల దగ్గర, గ్లాసులు చేతిలో ఉన్నప్పుడు మాత్రం వద్దు. అప్పుడు సరేనన్న మాట పొద్దున్నకి ఉండదు.

నిజానికి సమానంగా పంచుకోవడం అనే పద్ధతే నాకు సరిగ్గా తోచదు. రెండు రొయ్యల వేపుడు ముక్కలు తిని నిమ్మసోడా తాగినవాడూ, పండుగప్ప ఫ్రై మీద నాలుగు పెగ్గులు వేసినవాడూ ఒకే మొత్తం ఇస్తున్నారు. మీ ఒక్కరికే కాదు, నోరు విప్పని ఇంకో ఇద్దరు ముగ్గురికి కూడా అది భారంగానే ఉండి ఉంటుంది. మందు బిల్లు వేరు, తిండి బిల్లు వేరు అని ఒకరు అంటే వాళ్లూ ఊపిరి పీల్చుకుంటారు.

ఒకటి ఇచ్చి ఇంకోటి ఫ్రీ అన్నప్పుడు ఒకటి తాగుదామని వెళ్లినవాడు కూడా ఏడు కొట్టేలోపు మూడు నాలుగు తాగేస్తాడు. ఆ తర్వాత మీరు ఇల్లు చేరాలంటే ఎదుర్లంక వంతెన మీదుగానే కదా వస్తారు. ఎలా వస్తున్నారో రాయలేదు. బైక్ అయితే దయచేసి వద్దు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే పది వేలు జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా పడొచ్చు. దానికంటే ఆ చీకట్లో గౌతమి పాయ మీద గాలి కొడుతుంటే ఎదురుగా లారీ వస్తుందే, నా భయం అది.

పాతికేళ్ల కలయికకి 15,000 ఇవ్వకండి. ఆ రోజు ఊరికే కలవడానికి వస్తానని చెప్పండి, వీలైతే ఆవిడని కూడా తీసుకెళ్లండి. అప్పటికి పంట చేతికొచ్చి, గాజులు ఇంటికొస్తే అప్పుడు ఇద్దరూ ఆలోచించుకోండి.

నిద్ర ఇంకో రెండు వారాలు ఇలాగే ఉన్నా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కి ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు, ఏ రాత్రయినా చెయ్యొచ్చు.

వచ్చే రెండో శనివారం మాత్రం మానేయండి. ఆ సాయంత్రం ఇంట్లో ఉండండి, ఎక్కడికీ వెళ్లట్లేదా అని ఆవిడ అడగకముందే వెళ్లట్లేదని మీరే చెప్పండి. స్నేహితుడికి ఫోన్ ఆ తర్వాతే.