న్యూయార్క్ క్యాబరేకి వెళ్తున్నారా? టికెట్ ధర ఒక్కటే చూడకండి

క్యాబరే అంటే ఇక్కడ డాన్సు కాదు, టేబుల్ దగ్గర తింటూ తాగుతూ పాటలు వినే చిన్న క్లబ్బు. టికెట్ అరవై డాలర్లు ఉంటే ఇద్దరికీ నూట ఇరవైతో సరిపోతుందనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్ళు. ఆ అరవై కవర్ ఛార్జీ, అంటే పాట వినడానికి మాత్రమే. లోపల తిండికీ డ్రింకులకీ మనిషికింత అని మినిమమ్ ఉంటుంది. ముట్టుకోకపోయినా బిల్లులో పడుతుంది. అది 30 అనుకోండి: ఇద్దరికీ 60, దానిమీద 8.875 శాతం సేల్స్ టాక్స్ 5.33, ఇరవై శాతం టిప్పు 12. కవర్‌తో కలిపి 197.33. బుకింగ్ ఫీజు వేరే.

మినిమమ్ డాలర్లలో ఉంటే కాఫీ, డెజర్ట్ కూడా లెక్కకొస్తాయి. 'రెండు డ్రింకులు' అని ఉంటే డెజర్ట్ లెక్కకి రాదు, కోక్ తాగినా చెల్లుతుంది. మందు తాగేవాళ్ళు పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళండి. 21 నిండినట్టు రుజువు అడుగుతారు, ఇండియా లైసెన్స్ చూసి కొందరు ఒప్పుకోరు. శాకాహారులు సూప్, రిసోట్టో (ఇటాలియన్ అన్నం వంటకం) చికెన్ స్టాక్‌తో, అంటే చికెన్ ఉడికించిన నీళ్ళతో చేశారేమో అడిగి తీరాలి.

మొదటిసారికి '54 బిలో' అనే క్లబ్బు మేలు. 2012లో తెరిచారు, ఒకప్పటి పేరుమోసిన నైట్‌క్లబ్ స్టూడియో 54 కిందనే ఉంటుంది. పాడేది ఎక్కువగా బ్రాడ్‌వే నాటకాల వాళ్ళే. మాడిసన్ అవెన్యూ మీదున్న కార్లైల్ హోటల్లోని కెఫే కార్లైల్ చిన్న గది, ఖర్చెక్కువ. గోడల మీద మార్సెల్ వెర్టెస్ బొమ్మలుంటాయి. 1968 నుంచి మూడున్నర దశాబ్దాలు బాబీ షార్ట్ పియానో వాయిస్తూ పాడింది అక్కడే. మగవాళ్ళు సూట్ కోటు వేసుకెళ్తే మేలు. ఆడవాళ్ళకి పట్టుచీర భేషుగ్గా ఉంటుంది, మొహమాటపడక్కర్లేదు.

ఏడింటి షోకి అయిదూ నలభై అయిదుకల్లా చేరండి. చాలాచోట్ల టికెట్ ధరని బట్టి వరస ఇచ్చినా, ఆ వరసలో మంచి టేబుల్ ముందొచ్చినవాళ్ళదే. ఇద్దరే వెళ్తే వేరేవాళ్ళతో కలిపి కూర్చోబెట్టచ్చు. భోజనం దీపాలు తగ్గేలోపే ఆర్డర్ చెయ్యండి. ఒకేసారి అందరూ అడిగితే కిచెన్ నుంచి రావడం ఆలస్యమై, నెమ్మదైన పాట నడుస్తుండగా మీ ప్లేట్ల చప్పుడు గదంతా వినిపిస్తుంది. గాయని ఆరడుగుల దూరంలో ఉంటుంది, ఫోన్ తీస్తే వెలుగు నేరుగా ఆమె కళ్ళలో పడుతుంది.

బిల్లు షో అయ్యేముందే చీకట్లో తెచ్చిపెడతారు. కంగారుగా సంతకం పెట్టకండి. సర్వీస్ ఛార్జ్ లేదా గ్రాట్యుటీ అని ముందే కలిపి ఉంటే, కింద టిప్పు గడి ఖాళీగా కనిపించినా నింపక్కర్లేదు. రెండుసార్లు టిప్పు పోయేది సరిగ్గా ఇక్కడే.