సెంటర్ కాలేజీ 6, హార్వర్డ్ 0: ఆ ఆరు పాయింట్ల లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్‌లో టచ్‌డౌన్‌కి (అంటే బంతితో ప్రత్యర్థి గోల్ గీత దాటడానికి) 5 పాయింట్లే అని చదివారు కాబట్టి, 1921లో హార్వర్డ్‌తో మ్యాచ్‌లో సెంటర్ కాలేజీకి 6 ఎలా వచ్చాయో అర్థం కాలేదన్నారు కదండీ. మీరు చూసినవి పాత రూల్స్. 1898 నుంచి 1911 దాకా టచ్‌డౌన్‌కి 5 పాయింట్లు, 1912 నుంచి 6. ఫీల్డ్ గోల్ (బంతిని గోల్ స్తంభాల మధ్యగా తన్నడం) పాయింట్లు కూడా మారాయి: 1904లో 5 నుంచి 4కి, 1909లో 3కి తగ్గాయి. అందుకే పాత స్కోరు చూసేటప్పుడు ముందు సంవత్సరం చూడండి.

ఇక 6 అంటే రెండు ఫీల్డ్ గోల్స్ కూడా కావచ్చు, కానీ ఇక్కడ కాదు. అక్టోబర్ 29న మూడో క్వార్టర్‌లో (ఆటలోని నాలుగు భాగాల్లో మూడోది) సెంటర్ ఆటగాడు బో మెక్‌మిలిన్ బంతి పట్టుకుని ముప్ఫై గజాలకు పైగా పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. టచ్‌డౌన్ తర్వాత దక్కే అవకాశంతో వచ్చే అదనపు పాయింటు మాత్రం రాలేదు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని డాన్విల్ అనే చిన్న ఊరి కాలేజీ ఈ సెంటర్! అంతకుముందు ఏడాది అదే హార్వర్డ్ చేతిలో 31-14తో ఓడింది. నన్నడిగితే ఆ పట్టుదలే ఈ సీజన్‌లో అసలు గొప్పతనం. ఆ సీజన్‌లో వాళ్లు ఓడింది ఒక్కసారే, 1922 జనవరి 2న డాలస్‌లో, టెక్సస్ ఎ అండ్ ఎం కాలేజీ జట్టు చేతిలో 22-14తో.