కొలంబస్‌లో ప్రచారానికి తిరగబోతున్న మా చిన్నాకి

ఒరేయ్ చిన్నా,

2026 నవంబర్ సెనేట్ ఎన్నికకి వాలంటీర్‌గా తిరుగుతానన్నావట, మీ అమ్మ టెన్షన్ పడిపోతూ ఫోన్ చేసింది. తిరుగు. ఎవరి తరఫునని నేను అడగను.

ముందు రూల్స్. నీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి తిరగొచ్చు, చందా ఇవ్వొచ్చు. హెచ్1బీ మీద ఉన్న నీ రూమ్మేట్ జీతం లేకుండా తిరగొచ్చు గానీ ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, వాడి డబ్బు నీ కార్డు మీద కట్టడం కూడా కుదరదు. ఓటరు రిజిస్ట్రేషన్ ఫారం ఎవరు చేతిలో పెట్టినా సంతకం చేయకు, సిటిజన్‌నని తప్పు రాస్తే దేశం నుంచి పంపించేసేదాకా పోతుంది వ్యవహారం. ఇంట్లో ఎవరూ లేకపోతే పాంప్లెట్ తలుపు సందులో పెట్టు, మెయిల్‌బాక్స్‌లో మాత్రం వేయకు. స్టాంపు లేకుండా వేస్తే ఫైన్. ఆ సంగతి తెలియక మొదటి రోజే వీధంతా వేసుకుంటూ పోయాన్నేను!

2024లో ఇక్కడ విస్కాన్సిన్‌లో ట్రంప్ గెలిచింది సుమారు 29 వేల ఓట్లతో. అదే రోజు డెమొక్రాట్ సిట్టింగ్ సెనేటర్ ట్యామీ బాల్డ్విన్ గెలిచిందీ సుమారు 29 వేలతోనే. అటొకటి ఇటొకటి వేసేవాళ్ళుంటారురా, వాళ్ళ కోసమే నీ తిరుగుడంతా. బాల్డ్విన్ తరఫున తిరుగుతూ ఫాండ్ డు లాక్ దగ్గర ఒక పాడి రైతు ఇంటికెళ్ళా, కొట్టం మీద ట్రంప్ జెండా చూసి వెనక్కి తిరగబోతుంటే బురద బూట్లతో ఆయనే బయటికొచ్చి, పాల సంగతేంటని అడిగాడు. బాదం, సోయా డ్రింకుల మీద 'పాలు' అని రాయకూడదని ఆవిడ బిల్లు పెట్టిందని చెప్పా (మన బాదంపాలు వేరులే, వాటిలో పాలుంటాయి). కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఓటేశాడో లేదో నాకు తెలీదు.

మీ ఒహాయోలో కథ ఇంకోరకం. మన తెలుగింటి అల్లుడు వాన్స్ ఉపాధ్యక్షుడై ఖాళీ చేసిన సీటులో రిపబ్లికన్ జాన్ హస్టెడ్‌ని గవర్నర్ 2025 జనవరిలో కూర్చోబెట్టాడు, అంటే సిట్టింగ్ అనే మాటే గానీ అమెరికా సెనేట్‌కి జనం ఓట్లతో ఎప్పుడూ వెళ్ళలేదు. ఎదురుగా డెమొక్రాట్ షెరాడ్ బ్రౌన్. 2024లో ట్రంప్ అక్కడ 11 శాతం పాయింట్లతో గెలిస్తే, అప్పటి సిట్టింగ్ బ్రౌన్ రిపబ్లికన్ బెర్నీ మొరేనో చేతిలో 4 పాయింట్ల లోపే ఓడాడు. అందుకే జెండా చూసి ఏ ఇల్లూ వదిలేయకు. ఏ పార్టీ అని అడగకు, ఏం కావాలో అడుగు, తర్వాత నోరు మూసుకుని విను. నీకు అదే కష్టం, నాకు తెలుసు.

కుక్క ఉన్న ఇంటి గేటు ముందు కాస్త చప్పుడు చేసి లోపలికెళ్ళు. అక్టోబర్ చివరికి చలి మొదలవుతుంది, మంకీ క్యాప్ పెట్టుకో, ఫొటోల్లో బాగోదని తీసేయకు.

మీ పెదనాన్న