ఆపిల్ లోగోల్లో ఏది గొప్పది? ఆరు రంగులదే

ప్రశ్నలో మూడు లోగోలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు: 1976 నాటి న్యూటన్ బొమ్మ, 1977లో వచ్చిన ఆరు రంగుల ఆపిల్, ఇప్పుడు ఫోన్ల వెనక కనిపించే ఒంటి రంగు ఆపిల్. డిజైన్ చదివిన స్నేహితులందరూ ఒంటి రంగుదే బెస్టంటున్నారు, నిజమేనా అని కూడా అడిగారు.

నిజం కాదు. మీ స్నేహితుల్లో ఒక్కరు కూడా ఆ లోగోను చేత్తో అచ్చేసి ఉండరని పందెం కాస్తాను. నేను వేశాను. ఆరు రంగులూ, ఆరు స్క్రీన్లతో, వానాకాలంలో.

న్యూటన్ సంగతి ముందే తేల్చేస్తాను. చెట్టు కింద న్యూటన్ కూర్చుని ఉంటాడు, నెత్తి మీద పండు వేలాడుతుంటుంది, చుట్టూ ఫ్రేములో అక్షరాలు. వేసినాయన రోనాల్డ్ వేన్, కంపెనీ పెట్టిన ముగ్గురిలో ఒకడు. తన పది శాతం వాటాను 800 డాలర్లకు వదిలేసుకున్నాడని అందరూ ఆయన్ను చూసి జాలిపడతారు. నాకైతే ఆ బొమ్మను చూస్తేనే జాలి. చిన్న సైజులో అచ్చేస్తే న్యూటన్ ఎవరో, చెట్టు ఏదో తెలియదు, అంతా మసి మరక. పుస్తకం లోపలి పేజీకి బాగుంటుంది, కంప్యూటర్ మీదికి పనికిరాదు.

ఇక అసలు సంగతి. తొంభైల్లో మా మేనమామకు హైదరాబాద్ చిక్కడపల్లిలో స్క్రీన్ ప్రింటింగ్ షాపు ఉండేది. ఆయన పని నేర్చుకున్నది ఛత్తా బజార్‌లో, పెళ్ళి కార్డుల దగ్గర. నేను కాలేజీ అయ్యాక సాయంత్రాలు అక్కడే. ఆ రోజుల్లో నారాయణగూడ వైపు డీటీపీ సెంటర్ (కంప్యూటర్‌లో టైపు చేసి పేజీలు తయారుచేసే షాపు) నడిపే ఒకాయన కొత్తగా మ్యాక్, అంటే ఆపిల్ వాళ్ళ కంప్యూటర్, కొన్నాడు. ఊళ్ళో అందరి దగ్గరా మామూలు పీసీలే ఉంటే తన దగ్గర మ్యాక్ ఉందన్న ధీమా ఆయనది. తాను ఇచ్చే ప్రతి కవరు మీదా ఆరు రంగుల ఆపిల్ స్టిక్కర్ ఉండాలన్నాడు. మ్యాక్ పెట్టెలో వచ్చిన అసలు స్టిక్కర్‌ను పర్సులో దాచుకుని తెచ్చి, బల్ల మీద పెట్టి, "అచ్చం ఇట్లనే రావాలె" అన్నాడు. (కంపెనీ వాళ్ళ ముద్రను అలా కొట్టుకోవచ్చా అని ఇప్పుడు అడుగుతారు. అప్పుడు ఎవరూ అడగలేదు.)

మామయ్య ఆ స్టిక్కర్‌ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు. చూసి, "సార్, రంగుకు రంగుకు నడుమ సందు లేదు కదా" అన్నాడు. ఆయనకేం అర్థం కాలేదు. నాకు అర్థమై కడుపులో తిప్పింది.

తెలియని వాళ్ళ కోసం చెబుతాను. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో ఫ్రేము, అదే స్క్రీన్. టేకు ఫ్రేముకు నైలాన్ బట్ట బిగించి, వెలుతురుకు గట్టిపడే ఎమల్షన్ పూసి, చీకట్లో ఆరబెట్టి, పైన పాజిటివ్ (ఆ రంగు భాగాన్ని నల్లగా గీసిన పారదర్శక షీటు) పెట్టి వెలుతురు చూపించి, నీళ్ళతో కడిగితే ఆ రంగు పడాల్సిన చోటు మాత్రమే తెరుచుకుంటుంది. ఒక రంగు వేసి, కాగితాలన్నీ ఆరబెట్టి, మళ్ళీ అదే చోట కాగితం పెట్టి రెండో రంగు. కాగితం వెంట్రుకవాసి జరిగిందా, రెండు రంగుల మధ్య తెల్ల సందు పడుతుంది. షాపు భాషలో రిజిస్ట్రేషన్ అవుట్. పెళ్ళి కార్డులో ఎర్ర వినాయకుడికీ బంగారు అక్షరాలకీ మధ్య బోలెడు ఖాళీ ఉంటుంది కాబట్టి కాస్త కదిలినా ఎవరికీ తెలియదు. ఈ ఆపిల్‌లో ఖాళీయే లేదు. ఆకుపచ్చని ఆనుకుని పసుపు, పసుపుని ఆనుకుని నారింజ, తర్వాత ఎరుపు, ఊదా, నీలం. పైగా కుడివైపు ఆ కొరికిన గాటు మూడు నాలుగు రంగుల మీదుగా పోతుంది. ఒక్క స్క్రీన్ కదిలితే గాటు గుండ్రంగా ఉండదు, మెట్లు మెట్లుగా వస్తుంది.

మామయ్య బేరం పెట్టాడు. "సార్, నడుమ సన్నగ నల్ల గీత పెడదాం. ఎవ్వలకూ కనవడది, పని నీట్‌గ వస్తది."

"దీంట్ల గీత ఉన్నదా?"

"లేదు."

"మరి?"

అక్కడితో బేరం అయిపోయింది. రేటు విషయంలో మాత్రం ఆయన ఇంకో అరగంట మాట్లాడాడు. రెండు రంగుల పనికి ఇచ్చే రేటుకే ఆరు రంగులు కావాలట. బొమ్మ ఒకటే కదా అంటాడు!

వానలు మొదలయ్యాయి. స్క్రీన్లు ఎండలోనే ఎక్స్‌పోజ్ చేసేవాళ్ళం కాబట్టి మబ్బు పట్టినప్పుడు ఎంతసేపు ఉంచాలో అంతా అంచనా. గాలిలో తేమకు కాగితం ఉబ్బుతుంది. పొద్దున పసుపు వేసిన కాగితం సాయంత్రం నారింజకు వచ్చేసరికి అదే సైజులో ఉండదు. ముందు లేత రంగులు వేసి, ముదురు రంగు అంచు లేత రంగు మీదికి కొంచెం ఎక్కేలా పాజిటివ్ గీసుకోవాలి. సన్నటి గీతలు గీసే రోట్రింగ్ పెన్నుతో ఆ పని నాది. పసుపు, నారింజ, ఎరుపు దాకా హాయిగా సాగింది, ప్రతిదీ ముందుదానికంటే ముదురే కాబట్టి. ఊదా, నీలం దగ్గర లెక్క తిరగబడింది. బొమ్మలో ఊదా కింద నీలం ఉంటుంది, కానీ నీలం ఊదా కంటే లేతది. కాబట్టి నీలం ముందే వేసేసి, పైన ఎరుపు మీదికీ కింద నీలం మీదికీ ఎక్కేలా ఊదాను ఆఖర్న వెయ్యాలి. అది మామయ్యకు తట్టిన ఉపాయం. షాపంతా తాళ్ళు కట్టి, క్లిప్పులకు ఆకు లేని, తల లేని, సగం సగం ఆపిల్ పళ్ళు వేలాడదీశాం. ఒకరోజు పక్క షాపాయన వచ్చి, పైనుంచి కిందికి చూసి, పచ్చి, దోర, పండు... ఈ ఊదా నీలం ఏంది, కుళ్ళిందా అని అడిగాడు.

పాడైన కాగితాలు చాలానే. మంచివి ఏరి ఇచ్చాం. డీటీపీ ఆయన భూతద్దం తెచ్చుకుని మరీ చూశాడు. గీత లేదు, సందు లేదు. డబ్బులు మాత్రం వాయిదాల్లో ఇచ్చాడు.

చాలా ఏళ్ళ తర్వాత దీని గురించి చదివి నవ్వుకున్నాను. ఈ లోగో గీసింది రాబ్ జానాఫ్, రెజిస్ మెకెన్నా అనే ప్రకటనల ఏజెన్సీలో పనిచేసేవాడు. సంచీడు ఆపిల్ పళ్ళు కొనుక్కొచ్చి, ఎదురుగా పెట్టుకుని గీశాడట. కొరికిన గాటు ఎందుకంటే, చిన్న సైజులో చెర్రీ పండు అనుకోకుండా. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసిన ఎలన్ ట్యూరింగ్‌కు నివాళి అనీ అదనీ ఇదనీ వాట్సాప్‌లో తిరిగేదంతా తర్వాత అల్లుకున్నది, అలాంటి ఉద్దేశమేమీ లేదని జానాఫే చెప్పాడు. రంగులెందుకంటే, ఆపిల్ టూ తెర మీద రంగులు చూపించే కంప్యూటర్ కాబట్టి. ఆకు ఉంది కాబట్టి పైన ఆకుపచ్చ. అచ్చుకు ఖర్చవుతుంది, రంగుల మధ్య సన్నటి గీతలు పెడదామని అక్కడా ఎవరో అన్నారట, స్టీవ్ జాబ్స్ ఒప్పుకోలేదట. కాలిఫోర్నియాలో జాబ్స్, హైదరాబాద్‌లో మా డీటీపీ ఆయన, ఇద్దరిదీ ఒకటే మొండితనం. జాబ్స్ బిల్లు టైముకు కట్టాడో లేదో మరి.

నా వాదన ఇక్కడే ఉంది. ఆ లోగో గొప్పతనం రంగుల్లో లేదు, రంగులు ఒకదాన్నొకటి తాకే చోట ఉంది. గీత పెడితే అది ఆరు ముక్కల బొమ్మ. గీత లేకపోతే ఒకే పండు. ఎవడో ఒకడు కష్టపడి వేస్తేనే అలా వస్తుంది, దాన్ని చూసిన ప్రతి ప్రింటరుకూ ఆ సంగతి తెలుసు. ఒంటి రంగు ఆపిల్ అంటే ఏమిటి? అదే జానాఫ్ బొమ్మ, కాస్త నునుపు చేసి, ఖర్చు తీసేసింది. 1998 నుంచి రంగులు మెల్లగా మాయమయ్యాయి. కంప్యూటర్లే రంగురంగులుగా వస్తున్నప్పుడు లోగోకు రంగెందుకు అనుకుని ఉంటారు. సరే, వాళ్ళ అవసరం వాళ్ళది. కానీ దాన్ని పట్టుకుని "డిజైన్ పరిణతి" అంటే నేను ఒప్పుకోను.

విచిత్రం ఏమిటంటే అదే 1998లో మన విప్రో రంగుల పువ్వు పెట్టుకుంది. ఇక్కడ పెళ్ళి కార్డుల వాళ్ళు కూడా ఆ పువ్వును మెచ్చుకున్నారు. 2017లో దాన్నీ తీసేసి చుక్కలు పెట్టారు. హైదరాబాద్‌లో విప్రో సర్కిల్ మీదుగా వెళ్ళినప్పుడల్లా నాకు ఆ పువ్వే గుర్తొస్తుంది. ఇప్పుడు ఏ కంపెనీ చూసినా అంతే. మందంగా నాలుగు అక్షరాలు, చదునుగా ఒక రంగు, అయిపోయింది. ఫోన్‌లో చిన్నగా కనిపించాలట. మరి ఆరు రంగుల ఆపిల్‌ను కీబోర్డు మూలన గోరంత సైజులో పెట్టలేదా? అప్పుడు ఎవరికి కనిపించలేదు?

ఒంటి రంగు లోగోలన్నీ చెత్త అనడం లేదు. ఐబీఎం ఎనిమిది అడ్డగీతల లోగో, 1972లో పాల్ రాండ్ అనే అమెరికన్ డిజైనర్ చేసింది, ఒక్క నీలంతోనే నిలబడుతుంది. అది మొదటి నుంచీ ఒక్క రంగు కోసం ఆలోచించి గీసింది, రంగులు పీకేసి మిగిల్చింది కాదు. అదే పాల్ రాండ్‌కు 1986లో జాబ్స్ 'నెక్స్ట్' (NeXT) అనే తన కంప్యూటర్ కంపెనీ లోగో కోసం లక్ష డాలర్లు ఇచ్చాడు. ఒకటే డిజైన్ ఇస్తాను, నచ్చితే వాడుకో, లేకపోతే మానుకో అన్నాడట రాండ్. ఇప్పుడు నాది డిజిటల్ ప్రింటింగ్ షాపు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు "బోర్డు నీ దగ్గరే కొట్టిస్తున్నాం కదన్నా, లోగో ఫ్రీగా చెయ్" అంటారు. చేసిస్తే పది రకాలు చూపించమంటారు. పదీ చూసి, మొదటిదే బాగుందంటారు. లోగో ఉన్నవాళ్ళేమో వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపి, ఇరవై అడుగుల ఫ్లెక్స్ వెయ్యమంటారు. సీడీఆర్ ఫైలు (ఎంత పెద్దగా చేసినా చెదరని కోరెల్‌డ్రా ఫైలు) ఉందా అంటే, "పంపిన గదా, చూస్కోండి" అని అదే స్క్రీన్‌షాట్ మళ్ళీ పంపుతారు. వీళ్ళందరికీ ఒక్కసారి ఆరు స్క్రీన్ల పని చూపించాలని ఉంటుంది.

చివరగా, ప్రశ్న కింద ఒకరు పాత ఆపిల్ స్టిక్కర్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు కాబట్టి: 1977లో ఆపిల్ టూతో మొదలుపెట్టి పెట్టెల్లో స్టిక్కర్లు పెడుతూ వచ్చారు, 2024లో ఐప్యాడ్ పెట్టెల్లోంచి అదీ తీసేశారు. ఆరు రంగులది కొత్త పెట్టెల్లో దొరకదు. హైదరాబాద్ కోఠిలో, సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ల మార్కెట్) బళ్ళ మీద అమ్మేవి సగం తప్పులే, ఇంద్రధనుస్సు వరసలో పైన ఎరుపు పెట్టి కొట్టేస్తున్నారు. పైన ఆకుపచ్చ, అడుగున నీలం, నీలం పైన ఊదా ఉన్నాయో లేదో చూడండి. గాటు కుడివైపు ఉండాలి. రంగుల మధ్య తెల్ల గీత కనిపిస్తే అక్కడే పెట్టేసి రండి.